ఆడినవాడి మాట

మన విద్యార్థి సంఘ కార్యదర్శి మొన్న మల్కాజ్‌గిరిలో మా ఇంటికి వచ్చి, "సార్, మీరు పాత విద్యార్థులు, సావనీరుకు ఏదైనా వ్రాసి ఇవ్వాలి" అని అడిగాడు. పాత విద్యార్థులు ఇటువంటి సంచికలకు సాధారణంగా ఏమి వ్రాస్తారో నాకు తెలుసు. క్యాంటీనులో త్రాగిన టీ గురించి, గతించిన ఆచార్యుల గురించి, "మా రోజుల్లో" అని మొదలయ్యే నీతుల గురించి వ్రాస్తారు. నేను అవేవీ వ్రాయదలచుకోలేదు. గోడల మీద పరుగెత్తే ఒక రాజకుమారుడి గురించి, అతన్ని ఆడించినవాళ్ళు అతని మీద చెప్పిన అభిప్రాయాల గురించి వ్రాస్తానన్నాను. కార్యదర్శి కాస్త తటపటాయించి, "వీడియో గేమా సార్?" అన్నాడు. "అవును నాయనా, వీడియో గేమే" అన్నాను. సినిమా మీద, క్రికెట్టు మీద వ్యాసాలు అచ్చువేసే సంచికలో దీనికి మాత్రం నాలుగు పేజీలు ఎందుకు దొరకగూడదు?

పాఠక మిత్రులు ఒక్క విషయం గమనించాలి. ఆటలు మంచివా చెడ్డవా అనే చర్చ నేను చేయడం లేదు. ఆ చర్చ తల్లిదండ్రుల సమావేశాల్లో కావలసినంత జరుగుతూనే ఉంది. నా ప్రశ్న వేరు. ఒకడు కష్టపడి ఒక వస్తువు తయారుచేస్తాడు. ఇంకొకడు దాన్ని ఆడి, బాగుందనో బాగాలేదనో అంటాడు. ఆ మాట విలువ ఎంత? ఏ మాటను నెత్తిన పెట్టుకోవాలి, ఏ మాటను గుమ్మం బయట వదిలేయాలి? ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు, మా ఇంట్లోంచే వచ్చింది. ఆ సంగతి చివర చెబుతాను.

1990ల మొదట్లో మన కంప్యూటరు ల్యాబు ఎట్లా ఉండేదో ఇప్పటి విద్యార్థులకు ఊహించుకోవడం కష్టం. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. మిషన్లకు గుడ్డ తొడుగులు. పాఠం అయిపోగానే మాలో ఎవడో ఒకడు జేబులోంచి ఫ్లాపీ తీసేవాడు. నల్లటి తెర మీద 'ప్రిన్స్' అని టైపు చేస్తే, పర్షియా రాజభవనం కింది చెరసాలలో తెల్ల బట్టల కుర్రవాడొకడు ప్రత్యక్షమయ్యేవాడు. 60 నిమిషాల్లో రాకుమారిని విడిపించాలి. మధ్యలో నేల విరిగిపడేది, గోతుల్లోంచి మేకులు లేచేవి, ఇనుప దవడలు మనిషిని రెండు ముక్కలు చేసేవి. ప్రిన్స్ పక్కన 'మెగాహిట్' అని చేరిస్తే దొంగదారులు తెరుచుకుంటాయని ఎవడో కనిపెట్టాడు. ఆ రహస్యం పరీక్షపేపరు లీకయినంత వేగంగా పాకిపోయింది.

అప్పుడు మేము చెప్పుకొన్న అభిప్రాయాలు నాకిప్పటికీ జ్ఞాపకం. "వీడు మనిషి లెక్క ఉరుకుతుండు రా!" అన్నాడు మా మిత్రుడు. అంతకుముందు మేము చూసిన ఆటల్లో బొమ్మలు జరిగేవి. ఈ కుర్రవాడు పరుగెత్తేవాడు. ఆగవలసివస్తే ఒక అడుగు జారి ఆగేవాడు. అంచును వేళ్ళతో పట్టుకొని వేలాడి, ఒళ్ళంతా బరువుగా పైకి లాక్కునేవాడు. రెండో అభిప్రాయం ఫిర్యాదు. "మీట నొక్కినంక వెంటనే దునకడు" అని. ఒక మాట మెచ్చుకోలు, ఒక మాట తిట్టు. రెండూ ఒకే గుణాన్ని గురించినవని మాకు అప్పుడు తోచలేదు. నిజమైన ఒంటికి బరువు ఉంటుంది, బరువున్న ఒళ్ళు కదలడానికి కాస్త సమయం తీసుకుంటుంది. మేము మెచ్చుకున్నదీ అదే, విసుక్కున్నదీ అదే.

ఆ ఒంటికి అంత ప్రాణం ఎట్లా వచ్చిందో తరువాత చదివి తెలుసుకున్నాను. దాన్ని తయారుచేసిన జోర్డన్ మెక్నర్ అనే అమెరికా యువకుడు, 1985లో తన తమ్ముణ్ణి తెల్ల బట్టల్లో ఒక పార్కింగు స్థలానికి తీసుకుపోయి, పరుగెత్తించి, దూకించి, వీడియో తీశాడు. ఆ ఫ్రేములను ఒక్కొక్కటిగా ఎత్తివ్రాసి బొమ్మలు చేశాడు. ఆట 1989లో ఆపిల్ టూ కంప్యూటరు మీద వెలువడింది. అయితే ఇంకొక సంగతి మరీ ముఖ్యం. మొదట అతని ఆటలో కత్తియుద్ధమే లేదు. దూకడం, ఎక్కడం, తప్పించుకోవడం మాత్రమే. అతని స్నేహితురాలు టోమీ పియర్స్ దాన్ని చూసినప్పుడల్లా పోరాటం కావాలి, పోరాటం కావాలి అని పట్టుబట్టింది. కంప్యూటరు మెమరీలో ఇంకొక మనిషి బొమ్మకు చోటు లేదు. చివరకు మెక్నర్ రాజకుమారుడి బొమ్మనే మార్చి, అతని నీడలాంటి శత్రువును పుట్టించాడు. ఆ నీడమనిషే ఆటకు ప్రాణమైపోయాడు. ఆ తరువాత మెమరీలో చోటు చేసుకొని కాపలా భటులనూ చేర్చాడు. ఒక్కరి అభిప్రాయం ఒక ఆటకు జన్మనిచ్చిందంటే అతిశయోక్తి కాదు. కాని ఆమె చెప్పింది "నీ ఆట బాగాలేదు" అని కాదు. ఏమి లోటో చెప్పింది.

తరువాత చాలా ఏండ్లకు, 2003లో, కెనడాలోని యూబీసాఫ్ట్ మాంట్రియల్ వారు 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది సాండ్స్ ఆఫ్ టైమ్' తెచ్చారు. అప్పటికి నేను ఉద్యోగస్తుణ్ణి, సంసారిని. మా అక్క కొడుకు ఇంకా చిన్నవాడు. అయినా ఆ సీడీ మా ఇంటికి వచ్చింది, ఎట్లా వచ్చిందని అడగకండి. ఈసారి రాజకుమారుడు గోడ మీద అడ్డంగా పరుగెత్తుతాడు, స్తంభాలెక్కుతాడు, కడ్డీల మీద ఊగుతాడు, శత్రువు భుజాల మీదుగా పల్టీకొట్టి వెనక దిగుతాడు. చేతిలో కాలపు బాకు. అందులో ఇసుక ఉన్నంతసేపు, పొరపాటున పడిపోతే కాలాన్ని కొన్ని సెకండ్లు వెనక్కు తిప్పుకోవచ్చు. కథ మొత్తం రాజకుమారుడే చెబుతుంటాడు. కాబట్టి మనం చనిపోతే, "లేదు లేదు, అట్లా జరగలేదు" అన్న ధోరణిలో సర్దుకుంటాడు. కథ మొదలయ్యేది మన దేశంలోనే. ఒక మహారాజు కోట మీద పర్షియన్లు పడి బాకును, ఇసుక గడియారాన్ని దోచుకుపోతారు. కథానాయిక ఫరా ఆ మహారాజు కూతురు. ఇంటర్నెట్టు కేఫులో ఆడే మా వాడకట్టు పిల్లలకు ఇదొక గర్వకారణం. "హీరోయిన్ మన పిల్లనే" అనేవాళ్ళు.

ఆ ఆట మీద ఆడినవాళ్ళ అభిప్రాయాలు ప్రపంచమంతటా ఇంచుమించు ఒకటే. దూకడం అద్భుతం, కాలం వెనక్కు తిప్పడం అంతకన్నా అద్భుతం, కథ బాగుంది. యుద్ధం మాత్రం విసుగు, అదే దెబ్బ మళ్ళీ మళ్ళీ. అంతా నిజమే. నేను ఆడినప్పుడు నాకూ అదే అనిపించింది. అప్పుడు కంపెనీ వారు ఏం చేశారు? 2004లో 'వారియర్ విదిన్' తెచ్చారు. యుద్ధం పెంచారు, రెండు చేతుల్లో రెండు ఆయుధాలిచ్చారు. అంతటితో ఆగలేదు. వెన్నెల్లాంటి రాజభవనాన్ని చీకటి చేశారు, చమత్కారంగా మాట్లాడే రాజకుమారుణ్ణి పళ్ళు కొరికే కోపిష్టిని చేశారు, వెనక హోరెత్తే రాక్ సంగీతం పెట్టారు. యుద్ధం కోరినవాళ్ళు సంతోషించారు. మొదటి ఆటను ప్రేమించినవాళ్ళు "మా రాజకుమారుడేడీ?" అన్నారు. మెక్నర్ స్వయంగా ఆ ధోరణి తనకు నచ్చలేదని బయటికే చెప్పాడు. 2005లో వచ్చిన 'ది టూ థ్రోన్స్'లో రెండింటికీ రాజీ కుదర్చవలసి వచ్చింది.

దీంట్లో మనకొక పాఠం ఉంది. ఆడినవాళ్ళు "కూరలో ఉప్పు తక్కువైంది" అన్నారు. వంటవాడు ఉప్పు వేశాడు, దాంతోబాటు కూర గూడా మార్చేశాడు. ఆడినవాడు తన బాధ చెప్పగలడు. ఎక్కడ విసుగు పుట్టిందో, ఎక్కడ కోపం వచ్చిందో అతనికే బాగా తెలుసు. కాని మందు ఏమిటో అతనికి తెలియాలని లేదు. రోగి కడుపునొప్పి అంటే డాక్టరు నమ్మాలి. రోగి మాత్ర పేరు గూడా చెబితే అప్పుడు కాస్త ఆలోచించాలి.

ఇంకొక తగవు ఇంతకంటె రసవత్తరమైనది. 2008లో అదే వరసలో మరొక ఆట వచ్చింది, పేరు ఊరికే 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'. ఇందులో రాజకుమారుడితో ఎలికా అనే అమ్మాయి ఉంటుంది. అతను ఎక్కడ జారిపడ్డా ఆమె చెయ్యి వచ్చి పట్టుకొని, ఇంతకుముందు నిలబడిన గట్టి నేల మీద వదిలిపెడుతుంది. చావడమన్నది లేదు. ఇక చూడండి! "చావు లేని ఆట ఆటేనా?" అని ఒకవైపు. "పడ్డవాణ్ణి లేపితే తప్పా?" అని ఇంకొకవైపు. అప్పటికి మా మేనల్లుడు హైస్కూలుకు వచ్చాడు. మా డాబా మీద వాడూ వాడి దోస్తులూ దీని మీద చేసిన వాదం మన అసెంబ్లీలో గూడా జరిగి ఉండదు. ఒకడు, "గిదేం ఆట అన్నా, భయమే లేదు. పడితే ఆమె పట్టుకుంటది. ఇగ నేనెందుకు జాగ్రత్తగ దునకాలె?" అన్నాడు. ఇంకొకడు, "పాత దాంట్ల చచ్చిపోతే లోడింగ్ అయ్యేదాక కూసునేటోనివి కదరా! గిప్పుడు లోడింగ్ లేదు, గంతే" అన్నాడు.

నా అభిప్రాయం అడిగితే, లెక్క ప్రకారం రెండోవాడు చెప్పిందే సరి. పాత ఆటల్లో గూడా చస్తే కొంచెం వెనక నుంచి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళమే గదా. ఎలికా చెయ్యి చేసేది అదే పని, తొందరగా, మర్యాదగా. అయినా మొదటివాణ్ణి కొట్టిపారేయలేను. సాండ్స్ ఆఫ్ టైమ్‌లో బాకులోని ఇసుకకు లెక్క ఉండేది. నాలుగుసార్లు పడితే అయిదోసారి పడేముందు గుండె దడదడలాడేది. పడిపోతానేమోనన్న భయమే దూకడాన్ని సాహసం చేస్తుంది. ఆ పిల్లవాడికి పోయింది చావు కాదు, ఆ లెక్క. వాడికి ఆ మాట చెప్పడం రాలేదు. "భయం లేదు" అన్నాడు. వినేవాడికి ఓపిక ఉంటే ఆ రెండు మాటల్లో పది పేజీల విమర్శ ఉంది.

ఇంతవరకు విదేశాల సంగతి. ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం.

ఇటువంటి దూకుడు ఆటలకు మన పురాణాల కంటె గొప్ప ముడిసరుకు ఎక్కడుంది? సముద్రం దాటినవాడు మన కథల్లోనే ఉన్నాడు. ఆ సంగతి హైదరాబాదువారికి తోచింది గూడా. 2009లో సోనీ వారి ప్లేస్టేషన్ టూ మీద 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట వచ్చింది. తయారుచేసింది హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్. పూర్తిగా భారతదేశంలోనే తయారై ఆ యంత్రం మీదికి వచ్చిన మొదటి ఆటగా దానికి పేరు. ఆ సంవత్సరమే హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర వారు మన వీధి ఆటలతో 'దేశీ అడ్డా' తెచ్చారు. మన ఊళ్ళో, మన పిల్లల చేతులతో! ఆ వార్త చదివిననాడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

హనుమాన్ మీద రెండు రకాల అభిప్రాయాలు వచ్చాయి. ఒకటి భక్తుల నుంచి. అమెరికాలో నెవాడాలో ఉండే రాజన్ జెడ్ అనే హిందూ నాయకుడు, దేవుణ్ణి ఆడేవాడి చేతి మీటలకు లోబరచడం తగదు, ఆట వెనక్కు తీసుకోవాలి అని ప్రకటన చేశాడు. ఆయన విశ్వాసాన్ని నేను గౌరవిస్తాను. కాని తోలుబొమ్మలాటలో తరతరాలుగా హనుమంతుణ్ణి పుల్ల పట్టి ఆడించింది ఎవరు? నిమ్మలకుంట కళాకారులు ఈనాటికీ మేకతోలు మీద ఆయన రూపం చెక్కి, దీపం ముందు ఎగిరిస్తున్నారు. ఎవరూ దాన్ని అపచారం అనలేదు. ఆడించే చేతిలో భక్తి ఉందా లేదా అన్నదే మన పెద్దలు చూశారు.

రెండో అభిప్రాయం ఆడినవాళ్ళ నుంచి, పత్రికల్లో సమీక్షలు వ్రాసేవాళ్ళ నుంచి వచ్చింది. అది కఠినంగా ఉంది. ఆట సాఫీగా లేదన్నారు, విదేశీ ఆటల ముందు నిలవదన్నారు. అప్పుడు మనవాళ్ళు రెండు గుంపులయ్యారు. ఒక గుంపు "ఇండియన్ గేమ్ అంటే గింతే" అని నవ్వింది. ఇంకొక గుంపు "మనవాళ్ళు చేశారు, మెచ్చుకోవాలె" అన్నది. నా ఉద్దేశంలో ఈ రెండు గుంపులూ ఆటకు అన్యాయమే చేశాయి. నవ్వినవాడు ఆట చూడలేదు, దేశాన్ని చూశాడు. మెచ్చుకున్నవాడు గూడా ఆట చూడలేదు, దేశాన్నే చూశాడు. మన పిల్లవాడు తప్పులతో పద్యం చదివితే "మా బంగారమే" అని ముద్దుపెట్టుకోవడం అమ్మమ్మకు చెల్లుతుంది. గురువుకు చెల్లదు.

పదకొండేళ్ళ తరువాత, 2020లో, పుణెలోని నాడింగ్ హెడ్స్ వారు 'రాజీ: యాన్ ఏన్షెంట్ ఎపిక్' తెచ్చారు. రాజీ అనే అమ్మాయి సర్కసులో పనిచేసే పిల్ల. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలూ కోసం రాజస్థాన్ కోటల్లాంటి చోట్ల గోడలెక్కుతూ, స్తంభాల చుట్టూ తిరిగి తన్నుతూ పోతుంది. పైనుంచి దుర్గ, విష్ణువు ఆమె కథ చెప్పుకొంటుంటారు. మధ్య మధ్య కథ తోలుబొమ్మల నీడల్లో నడుస్తుంది. దీన్ని చేసినవాళ్ళు 2017లో ఇంటర్నెట్టులో చందాలడిగితే అనుకున్న మొత్తం రాలేదు. అయినా వదలలేదు. ఆడినవాళ్ళ అభిప్రాయం ఏమిటి? చూడ్డానికి కన్నుల పండుగ, యుద్ధం కాస్త బిగుసుగా ఉంది, కథ సగంలో తెగిపోయింది. ప్రపంచంలో పేరున్న 'ది గేమ్ అవార్డ్స్'లో ఆ ఏటి కొత్తవారి ఆటల పోటీకి అది ఎంపికైంది. దాన్ని ఎవరూ "ఇండియన్ గేమ్" అని జాలిపడి మెచ్చుకోలేదు. మామూలు ఆటగా చూసి, మామూలుగా మెచ్చి, మామూలుగా తప్పులెన్నారు. నాకు అదే అసలు గౌరవం అనిపించింది.

అదే 2020 సెప్టెంబరులో ఇంకొకటి జరిగింది. సాండ్స్ ఆఫ్ టైమ్‌ను మళ్ళీ కొత్తగా చేసే పని యూబీసాఫ్ట్ వారు తమ పుణె, ముంబయి శాఖలకు అప్పగించినట్టు ప్రకటించారు. మా ల్యాబులో గోతుల్లో పడిచచ్చిన ఆ రాజకుమారుణ్ణి ఇప్పుడు మన పిల్లలు లేపి నిలబెట్టబోతున్నారన్నమాట. నమూనా వీడియో విడుదలైంది. విడుదలైన గంటల్లోనే ప్రపంచమంతా విరుచుకుపడింది. ముఖాలు బాగాలేవు, రంగులు వెలిసిపోయాయి, పాత ఆట లెక్కనే ఉంది అన్నారు. 2021 జనవరి 21న రావలసిన ఆట మొదట మార్చికి, తరువాత గడువంటూ లేకుండా వాయిదా పడింది. 2022 మేలో పని మాంట్రియల్ శాఖకు మారిపోయింది. చివరకు 2026 జనవరిలో కంపెనీ ఆ ఆటనే రద్దుచేసింది.

ఆ వీడియో నేనూ చూశాను. నాకూ అంతగా నచ్చలేదు, దాచుకోవడమెందుకు. ఆడేవాడు డబ్బు పెట్టి కొంటాడు కాబట్టి నచ్చలేదనే హక్కు అతనికి ఉంది. కాని వచ్చిన మాటల్లో ఎక్కువ భాగం ముఖాల మీద, వెలుతురు మీద కాదు. "ఇండియాకిస్తే గిట్లనే ఉంటది" అన్న మాట మీద. ఆ మాట విదేశీయుడి కంటె మన కుర్రవాళ్ళే ఎక్కువ ఉత్సాహంతో అన్నట్టు నాకు తోచింది. వాళ్ళల్లో చాలామంది రేపు అటువంటి ఉద్యోగాలకే దరఖాస్తు పెట్టుకుంటారు! తను కూర్చోవలసిన కొమ్మను తానే నరకడం అంటే ఇదే గదా.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా మేనల్లుడు ఇంజనీరింగు చదివి ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో చేరాడు. జీతం బాగానే ఉంది. కాని వాడి మనసు ఆటల మీద. రాత్రిళ్ళు కూర్చొని, రెండేళ్ళు కష్టపడి, ఒక చిన్న ఆట తయారుచేశాడు. మౌలాలి గుట్ట లాంటి గుట్ట. రాత్రి పూట. ఒక పిల్లవాడు ఆరిపోయిన దీపాన్ని చేత పట్టుకొని, నీడలు వెంటపడుతుంటే బండ మీంచి బండకు దూకుతూ పైకి పోవాలి. పైన నిప్పు ఉంటుంది. అంతే కథ. మౌలాలి బండలు చూస్తూ పెరిగినవాడికి మాత్రమే వచ్చే ఆలోచన అది. నాకు చూపించాడు. నేను, అమ్మమ్మ వరసలో, "బ్రహ్మాండంగా ఉందిరా" అన్నాను.

తరువాత దోస్తులకు చూపించాడు. ఒకడు "గ్రాఫిక్స్ ఏందిరా గిట్లున్నయ్" అన్నాడు. ఇంకొకడు "మొబైల్ల ఫ్రీగ వస్తే గూడ ఆడ" అన్నాడు. మూడోవాడు అయిదు నిమిషాలు ఆడి, "సూపర్ మామా" అని భుజం తట్టి తన ఫోను చూసుకున్నాడు. మా వాడు ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు. మరునాడు కంప్యూటరు తెరవలేదు. నెల గడిచింది. మా అక్క ఫోను చేసి, "వాడు ఆ ఆట సంగతి ఎత్తితే మొహం తిప్పుకుంటున్నాడు. నువ్వన్నా చెప్పు తమ్ముడూ" అన్నది. నేనేం చెప్పను? నా "బ్రహ్మాండం" వాడికి ఎంత పనికివచ్చిందో నాకు అప్పటికే తెలిసిపోయింది. వాడు ఒకరోజు నాతో, "మామా, నువ్వు బాగుందన్నవ్, వాళ్ళు బాగలేదన్నరు. ఇద్దరిలో ఎవ్వరు చెప్పినా నాకు ఏం చెయ్యాల్నో సమజ్ గాలే" అన్నాడు. ఆ మాట నన్ను సూటిగా తాకింది.

ఆ ఆదివారం మా పక్కింటి పిల్లవాడు వచ్చాడు. ఎనిమిదో తరగతి, ఆనంద్‌బాగ్‌లో బడి. ఆట పెట్టమని పట్టుబడితే మా వాడు విధిలేక పెట్టాడు. ఆ పిల్లవాడు మూడో బండ దగ్గర పడ్డాడు. మళ్ళీ పడ్డాడు. నేను లెక్కపెట్టాను, పదకొండుసార్లు పడ్డాడు. పన్నెండోసారి మీటలు కింద పెట్టి, "అన్నా, ఈ బండ అంచు ఏడుందో కనవడ్తలేదు. నేను దునికిన అనుకుంటున్న, వాడు దునుకుతలేడు" అన్నాడు.

మా వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ చిన్న మాటలో రెండు తప్పులు పేరుపేరునా ఉన్నాయి. ఒకటి, రాత్రి రంగులో బండ అంచూ ఆకాశమూ కలిసిపోయాయి. రెండోది కొంచెం వివరించాలి. అంచు దాకా పోయి దూకేవాడు సరిగ్గా చివరి క్షణంలో మీట నొక్కుతాడు. చేతికి, కంటికి మధ్య కాస్త ఆలస్యం సహజం. అతను నొక్కేసరికి బొమ్మ పాదం అంచు దాటిపోయి ఉంటుంది. గాలిలో ఉన్నవాడు దూకలేడు కాబట్టి యంత్రం ఆ నొక్కుడును లెక్కచేయదు. అందుకే చేయితిరిగిన తయారీదారులు ఒక చిన్న వెసులుబాటు పెడతారు. పాదం అంచు దాటిన తరువాత గూడా కొన్ని ఫ్రేముల వరకు దూకుడును అంగీకరిస్తారు. సెకండుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో ఆరు ఫ్రేములంటే సెకండులో పదోవంతు. ఆడేవాడికి అది తెలియనే తెలియదు. తను సరిగ్గా దూకాననే అనుకుంటాడు.

మా వాడు ఆ రాత్రే కూర్చున్నాడు. బండల అంచుల మీద సన్నటి వెన్నెల గీత వేశాడు. ఆ ఆరు ఫ్రేముల దయ చేర్చాడు. వారం తరువాత ఆ పిల్లవాణ్ణి మళ్ళీ పిలిచాడు. మూడో బండ దాటాడు, నాలుగోది దాటాడు, ఏడో బండ దగ్గర పడి, "ఈడ నాదే తప్పు అన్నా, తొందరపడ్డ" అని నవ్వి మళ్ళీ మొదలుపెట్టాడు. మా మేనల్లుడి మొహం అప్పుడు చూడవలసింది. ఆట ఇంకా పూర్తికాలేదు. కాని మా అక్క ఇప్పుడు ఫోను చేసి, "రాత్రి ఒంటిగంట దాకా పండుకుంటలేడు, నువ్వన్నా చెప్పు తమ్ముడూ" అంటున్నది. ఈ ఫిర్యాదు వినడానికి నాకు సంతోషంగానే ఉంది.

ఈ అనుభవం నుంచి నాకు తోచింది ఇది. ఆడినవాడి మాటకు విలువ వచ్చేది అతని వయసు వల్ల గాని, చదువు వల్ల గాని కాదు. తను ఎక్కడ పడ్డాడో చెప్పగలిగితే ఆ మాట విలువైనది. ఎనిమిదో తరగతి పిల్లవాడు చెప్పగలిగాడు. పట్టభద్రులైన ముగ్గురు దోస్తులూ, నేనూ చెప్పలేకపోయాము. మెచ్చుకోలు అయినా సరే, ఏ చోట గుండె ఝల్లుమన్నదో చెబితే అది పనికివచ్చే మెచ్చుకోలు. "మనవాడు చేశాడు" అన్న జాలి, "మనవాడు చేశాడు గదా" అన్న ఎగతాళి, ఈ రెండూ ఆటను ఆడకుండానే చెప్పగల మాటలు.

2016లో తెలంగాణ ప్రభుత్వం యానిమేషన్, గేమింగు రంగాలకు ప్రత్యేకంగా 'ఇమేజ్' పాలసీ ప్రకటించింది. పాలసీలు భవనాలు కట్టగలవు, రాయితీలు ఇవ్వగలవు. ఓపికగా ఆడి, నిజం చెప్పేవాళ్ళను ఇవ్వలేవు. అది మన కళాశాల చేయగల పని. మన ల్యాబుల్లో ప్రతి ఏటా ఎంతోమంది విద్యార్థులు ప్రాజెక్టులు చేస్తారు. మార్కులు పడ్డాక అవి బీరువాలో పడుకుంటాయి. సంఘం వారికి నా మనవి ఏమిటంటే, ఏడాదిలో ఒక్క రోజు ల్యాబు తలుపులు తెరిపించండి. విద్యార్థులు చేసినవి ఆటలైనా, ఇంకేవైనా, అందరి ముందు పెట్టండి. జూనియర్లను, ఆఫీసు సిబ్బందిని, చుట్టుపక్కల బడి పిల్లలను పిలవండి. ప్రతివాడి చేతికి ఒక కాగితం ఇవ్వండి. దాని మీద బాగుందా, బాగాలేదా అని అడగవద్దు. "ఎక్కడ ఆగిపోయావు? ఎందుకు?" అని మాత్రం అడగండి. అధ్యాపక మిత్రులు గూడా ఒక కాగితం తీసుకోవాలని నా ప్రార్థన. విద్యార్థులు వ్రాసిన జవాబుపత్రాల మీద మేము ఎన్నోసార్లు ఎర్ర సిరాతో 'బాగు' అనే ఒక్క మాట మాత్రమే చూసుకున్నాము. ఏది బాగో తెలియక ఇన్నేళ్ళు గడిచాయి.

ఇక సెలవు. మా వాడు కింద నుంచి పిలుస్తున్నాడు, ఎనిమిదో బండ తయారైందట. ఈసారి నేను "బ్రహ్మాండం" అనదలచుకోలేదు. కాగితం, కలం తీసుకొని దిగుతున్నాను.